ఇంట్లో ఎవరూ లేరు

ఒక మనిషికి చలేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆ మనిషిని వదిలేసి ఫోను చూడటం మొదలుపెట్టానంటే నా తెలివి ఎంత ముదిరిందో ఊహించుకోండి. ఆ మనిషి మా నాన్న. "అబ్బాయ్, పైగది చల్లగా ఉంటోందిరా" అన్నారు. నేను జేబులోంచి ఫోను తీసి, "లేదు నాన్నా, 70 ఉంది" అన్నాను. ఆయన నా వంక ఓసారి చూసి, మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని మెట్లెక్కి వెళ్లిపోయారు. వాదనలో గెలిచానన్న తృప్తితో నేను టీ పెట్టుకున్నాను.

ఆ 70 ఫారెన్‌హీట్ డిగ్రీలూ హాల్లో గోడమీది థర్మోస్టాట్‌వి. అమ్మానాన్నా పడుకునేది గ్యారేజీ మీద కట్టిన గదిలో. కింద గ్యారేజీకి హీటింగు లేదు, గదికి మూడు వైపులా బయటి గోడలే. ఇలాంటి గది ఉన్న ఎవర్నడిగినా చెబుతారు, చలికాలంలో అది ఇంట్లో భాగం కాదని. నాకూ తెలుసు. కానీ ఫోనులో కనిపించే అంకె ఒక్కటే కదా, ఇల్లంతటికీ అదే అనుకున్నాను.

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీ ఊళ్లో. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, పొద్దున నడకకి వెళ్తే తెలుగు వినపడుతుంది. మంచు పెద్దగా పడదు గానీ జనవరి రాత్రిళ్లు బయట పెట్టిన నీళ్లు గడ్డకట్టేంత చలి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకి హీట్ పంపే ఉంటుంది. వేసవిలో ఇంట్లో వేడిని బయటికి పంపే ఏసీయే చలికాలంలో తిరగబడి, బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి లోపలికి తోస్తుంది. దానికి ఆజ్ఞలిచ్చేది గోడమీది థర్మోస్టాట్.

ఇల్లు కొన్నప్పుడు ఉన్నది పాత తెల్ల డబ్బా. పెంచడానికొక బటన్, తగ్గించడానికొక బటన్. దానికే రోగమూ లేదు. కానీ 2011లో నెస్ట్ అనే స్మార్ట్ థర్మోస్టాట్ వచ్చిన దగ్గర్నుంచీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా గోడమీద గుండ్రంగా వెలుగుతూ ఏదో ఒకటి కనిపించేది, దాని గురించి ఇంటాయన పావుగంట మాట్లాడేవాడు. నాకూ మాట్లాడాలనిపించింది. నేను కొన్నది ఏ కంపెనీదో చెప్పను. ఈ కథలో దాని తప్పు ఎక్కడా లేదు.

బిగించడం నేనే చేస్తానన్నాను. వీడియోలో కుర్రాడు చెప్పిన మొదటి మాటే, బ్రేకర్ ఆపమని. 24 వోల్టులే కదా, దానికంత భయమెందుకని ఆపలేదు. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలాయి. మెరుపు లేదు, చప్పుడు లేదు, ఇంట్లో గాలి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి అటకమీది యంత్రం మూత తీసి, కార్లో ఉండేలాంటి చిన్న ఫ్యూజు ఒకటి లాగేసి కొత్తది పెట్టాడు. ఫ్యూజు ఖరీదు కాఫీ డబ్బులంత కూడా ఉండదు, వచ్చినందుకు అతను తీసుకున్నది మాత్రం వారం కూరగాయల డబ్బు. మా ఆవిడతో "బోర్డులో ఏదో సమస్యట" అన్నాను. అసలు సంగతి ఆవిడ ఇది చదివి తెలుసుకుంటుంది.

తర్వాత నా విజృంభణ మొదలైంది. రోజుకి 8 గంటల పాటు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించి పెడితే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. చదివాను. రాత్రి పదికి 62, తెల్లవారుజామున ఐదింటికి 70 అని పెట్టేశాను. హీట్ పంపు ఉన్నవాళ్లకి ఈ సలహా అంత సులువుగా పనికిరాదని అదే శాఖ ఆ కిందే చెప్పింది. అంత దూరం చదవలేదు. ఇక రెండోది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేడి దండగ కాబట్టి, నా ఫోనూ మా ఆవిడ ఫోనూ గడప దాటగానే ఇల్లు తనంతట తానే 60కి దిగిపోయే ఏర్పాటు. ఇదంటే నాకు ప్రత్యేకంగా మోజు. ఆఫీసులో కూర్చుని ఫోనులో "ఇంట్లో ఎవరూ లేరు" అన్న మాట చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ చలికాలమే అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాన్న కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. వచ్చిన రోజే గోడమీది గుండ్రటి దీపాన్ని చూసి, "ఇందులోకి వైర్లెన్ని వచ్చినయ్?" అని అడిగారు. నేను వైర్ల సంగతి వదిలేసి, అది మన అలవాట్లు ఎలా నేర్చుకుంటుందో, వాతావరణం ఎలా కనిపెడుతుందో ఉపన్యాసమిచ్చాను. అంతా విని, "వేడెక్కితే ఆపుద్ది, చల్లారితే వేస్తది. ఇస్త్రీపెట్టెలో ఉండేదేగా?" అన్నారు. నవ్వాను. నవ్వి, చరిత్ర కూడా చెప్పాను. 1883లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసరుండేవాడు. బడి నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి గది వెచ్చగా ఉందో లేదో చూసి, కిందికి వెళ్లి పొయ్యి సర్దేవాడు. ఆ గోల పడలేక జాన్సన్, గదిలో వేడి మారితే కింద నౌకరు దగ్గర గంట మోగే కరెంటు ఏర్పాటు చేసి పేటెంటు తీసుకున్నాడు. నాన్న కాసేపాగి, "అంటే గంట మోగితే ఎవడో ఒకడు లేచెళ్లి చూసేవాడన్నమాట" అన్నారు. అందులో నాకు తగలాల్సిన దెబ్బ ఉందని అప్పుడు తట్టలేదు.

జనవరి బిల్లు వచ్చింది. పాత డబ్బా రోజుల బిల్లుకంటే బాగా ఎక్కువ. తెలివైన యంత్రం తప్పు చేయదు కాబట్టి తప్పు మనుషులదే అయ్యుండాలి. అమ్మ మరీ ఎక్కువసేపు వేడినీళ్లు పోసుకుంటోందన్నాను. నాన్న పొద్దున్నే నడకకి వెళ్తూ గ్యారేజీ తలుపు తెరిచి వదిలేస్తున్నారన్నాను. రెండూ వాళ్ల మొహమ్మీదే అన్నాను. ఇవాళ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆ రోజు ఫోనులో గ్రాఫు తెరిచి మరీ చూపించాను.

నాన్న గ్రాఫు చూడలేదు. గ్యారేజీలోకి వెళ్లి బ్రేకర్ల పెట్టె తెరిచి, కళ్లజోడు నుదుటికెత్తి ఒక్కొక్కటీ చదివారు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి నన్ను లేపి థర్మోస్టాట్ ముందు నిలబెట్టారు. తెరమీద మూలన చిన్న అక్షరాలతో ఆక్స్ అని ఉంది. "ఇదేందో తెలుసా?" తెలియదు. "ఆ పెట్టెలో 60 ఆంపుల బ్రేకర్ ఒకటుంది, దానిదిరా ఇది. లోపల హీటర్ కాయిల్సు ఉన్నయ్. పది కిలోవాట్లుంటయ్. గంట నడిస్తే పది యూనిట్లు."

ఆయన చెప్పింది ఇదీ. హీట్ పంపు వేడిని తయారుచేయదు, ఉన్న వేడిని మోసుకొస్తుంది. కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, కాకపోతే నెమ్మదిగా. తెల్లవారుజామున ఉన్నట్టుండి ఎనిమిది డిగ్రీలు పెంచమంటే దానికి చేతకాదు. అప్పుడు సాయానికి కాయిల్సు ఎర్రబడతాయి. అవి యూనిట్‌కి యూనిట్ వేడే ఇస్తాయి, అంతకంటే రవ్వ కూడా ఎక్కువ ఇవ్వవు. రాత్రంతా పొదుపు చేసిందాన్ని పొద్దున గంటలో కక్కేస్తున్నానన్నమాట. బయట ఎంత చలి దాటాక ఈ కాయిల్సు వాడాలో చెప్పమని బిగించిన రోజే యంత్రం అడిగింది. దాటవేయి అన్న బటన్ నొక్కింది నేనే.

ఇక్కడితో అయిపోతే ఇది బిల్లు కథ. అయిపోలేదు.

ఓ శనివారం అమ్మ తెనాలిలో ఉన్న పిన్నితో ఫోనులో మాట్లాడుతోంది. నేను మెట్లమీద ఉన్నానని తెలియదు. "పగలు హీటర్ ఆపుకుంటార్లేవే. ఖర్చు మరి, ఇల్లు అప్పుమీద కొన్నారాయె. ఇద్దరం రగ్గు కప్పుకుని కూర్చుంటం. కిందకి దిగితే చాలు మళ్లీ వేడిగాలి కొడతది. ఆఫీసులో వాడికెట్టా తెలుస్తదో ఏమో! అందుకని అన్నాలు కూడా పైకే తెచ్చుకుంటున్నం."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా ఇద్దరి ఫోన్లూ బయటికెళ్తే ఇంట్లో ఎవరూ లేరని ఇంటికి నేర్పింది నేను. అమ్మానాన్నల ఫోన్లు అందులో ఎక్కించాలని తట్టనే లేదు. హాల్లో ఎవరైనా కదిలితే థర్మోస్టాట్ కనిపెట్టి వేడి మొదలుపెడుతుంది, మళ్లీ అలికిడి లేకపోతే ఆపేస్తుంది. అమ్మ వంటింట్లోకి వచ్చినప్పుడల్లా జరిగింది అదే. కొడుక్కి ఖర్చవుతుందని ఆవిడ కిందకి రావడమే మానుకుంది. 60 అంటే మన సెల్సియస్ లెక్కలో పదిహేనున్నర డిగ్రీలు. ఆ గ్యారేజీ గదిలో అంతకంటే తక్కువే ఉండుంటుంది. తెనాలిలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు, మా ఇంట్లో పట్టపగలు పన్నెండింటికి ఉంది. నేను పీనాసినన్న నిర్ధారణకి వాళ్లు ఎప్పుడో వచ్చేశారు, నాకు నామోషీ కలగకుండా సర్దుకుపోతున్నారు. అదే నెలలో యాప్ నాకు పగటిపూట పొదుపు బాగా చేశావని పచ్చటి ఆకు బొమ్మ పంపింది. దాన్ని నేను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను కూడా.

ఆ సాయంత్రమే ఫోను చూసి ఇల్లు ఖాళీ అనుకునే ఏర్పాటు తీసేశాను. రాత్రీ పగలూ ఒకటే అంకె, 70. పైగదిలో ఉష్ణోగ్రత చూసే చిన్న సెన్సారు కొని పెట్టాను. అది మొదటిరోజు చూపించిన అంకె మా ఆవిడ చూడకముందే యాప్ మూసేశాను. కాయిల్సు ఎప్పుడు వెలగాలో నాన్న చెబుతుంటే నేను నొక్కాను. తర్వాతి బిల్లు తగ్గింది. అందులో నా ప్రతిభ ఏమీ లేదు.

మిగిలింది అమ్మకి చెప్పడం. చెప్పాను, అదీ ఎలాగంటే, "ఆ డబ్బాలో ఏదో లోపం ఉందమ్మా, దానంతటదే ఆగిపోయేదట, ఇప్పుడు సరిచేయించాను" అని. అమ్మ వెంటనే నమ్మింది, ఎంతో తేలికపడింది. ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసి, మావాడి తప్పేం లేదే, గోడమీద ముదనష్టపు డబ్బా ఒకటుంది, అదే చేసిందిట అంది. తెనాలి తిరిగెళ్లాక కూడా చుట్టాల్లో ఎవరైనా అమెరికా ఇంటి సంగతులడిగితే ఆ డబ్బాని తిట్టకుండా వదలదట. నాన్న పక్కనే పేపరు చదువుకుంటూ ఉంటారట. ఆయనకి అంతా తెలుసు. వీడియో కాల్‌లో ఎప్పుడన్నా ఆ మాట వస్తే నా వంక చూస్తారు, నేను పిల్లల చదువుల సంగతి ఎత్తుతాను.