మేష్టారి కొత్త పంచాంగం

మా పక్కింటి మేష్టారు పంచాంగం మార్చారు. నలభై ఏళ్లుగా పాత పంచాంగం వేలాడిన మేకుకి ఇప్పుడు వాషింగ్టన్ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్ ప్రింటు వేలాడుతోంది. అబ్బాయి టెక్సాస్‌లో సాఫ్ట్‌వేరు, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు.

"ఇందులోనూ వక్రగతి ఉందోయ్," అంటారు. నిజమే. తేదీలు ముందుకు నడుస్తూ నడుస్తూ ఒక నెల హఠాత్తుగా ఏడాది వెనక్కి పోతాయి. వాళ్లు దాన్ని రిట్రోగ్రెషన్ అంటారు. ఏలినాటి శని అయినా ఏడున్నరేళ్లకు వదులుతాడు. అబ్బాయి తేదీ 2015ది.

ఆ తేదీ పుట్టిన వైనం వినాలి. కంపెనీ కార్డు ఇప్పించాలంటే, ఆ ఉద్యోగానికి తగిన అమెరికావాడు దొరకలేదని ముందు కార్మిక శాఖను ఒప్పించాలి. పెర్మ్ అంటారు. అందుకని అబ్బాయి కూర్చున్న కుర్చీకే రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేశారు. పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి, ఇంతకన్నా మంచి వరుడుంటే చెప్పండని మైకులో అడగడమన్నమాట. ఎవరూ చెయ్యెత్తకూడదని మేష్టారు చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఆ అర్జీ శాఖకు చేరిన రోజే ప్రయారిటీ డేట్, అంటే అబ్బాయి రెండో జన్మనక్షత్రం.

అసలు దోషం మొదటి జన్మలో ఉంది. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. 1990 చట్టం నాటి లెక్క అది. భార్యాపిల్లలూ అందులోనే. ఒక దేశానికి మామూలుగా 7 శాతం మించకూడదు. నాలుగు లక్షల జనం లేని ఐస్‌లాండ్‌కీ 7, మనకీ 7. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా చూసేది పుట్టిన దేశమే. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే ఆవిడ దేశం లైనులో నిలబడొచ్చు. "తెలిసుంటే పెళ్లిచూపుల్లో గోత్రం బదులు పురుడు ఎక్కడ పోశారని అడిగేవాణ్ణి," అని మేష్టారి విచారం. కోడలు పుట్టింది తణుకులో.

2007 జూలైకి దాదాపు అందరి తేదీలూ తెరిచేశామని బులెటిన్ చెప్పింది. అర్జీలు పట్టుకెళ్లేసరికి 2వ తేదీన కార్డులైపోయాయి పొమ్మన్నారు. మనవాళ్లు మున్నాభాయి గాంధీగిరి గుర్తు తెచ్చుకుని ఇమ్మిగ్రేషన్ పెద్దాయనకు వందలాది పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని సైనికుల ఆసుపత్రికి మళ్లించాడు. రెండు వారాలకు తలుపు మళ్లీ తెరిచారు. నాకు తెలిసి, పుష్పాలతో పూజ చేస్తే కరుణించిన సర్కారు అదొక్కటే.

రెండేళ్లప్పుడు వెళ్లిన మనవరాలికి ఇప్పుడు పద్దెనిమిది. ఇరవయ్యొకటి నిండితే తండ్రి ఫైలులోంచి పేరు ఊడుతుంది. పెర్మ్ తర్వాత కంపెనీ వేసే పిటిషన్ పరిశీలనలో ఉన్నన్ని రోజులు వయసులోంచి తగ్గిస్తారు. కానీ అబ్బాయి తొందరపడి, అదనపు ఫీజు కట్టి మరీ ఆ పిటిషన్ రెండు వారాల్లో తేల్చుకున్నాడు. పిల్లకు తగ్గిందీ రెండు వారాలే.

అమెరికా సర్కారు పద్దులకు అక్టోబరు 1 కొత్త సంవత్సరం. కొత్త కోటా వస్తుంది. కాబట్టి మేష్టారింట్లో ఉగాది ఆ రోజే. మొన్న పచ్చడి గిన్నె పట్టుకొచ్చారు. అక్టోబరులో వేపపూత ఎక్కడ దొరికిందండీ అని మా ఆవిడ అడిగింది.

"ఎండబెట్టి సీసాల్లో దాచానమ్మా. ఇంకో పదేళ్లకు సరిపోతుంది."