గోదావరి మాది, పంటు మీది

మా డిచ్‌పల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది, రైలు పట్టాలు పోతాయి. పడవ పోయేంత నీళ్లు మాత్రం లేవు. అందుకే మా ఇంట్లో పడవ ప్రయాణం గురించి మాట్లాడే హక్కు మొన్నమొన్నటి దాకా ఒక్కడికే ఉండేది. వాడు జర్మనీలో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు. ఒక వేసవిలో గ్రీసు దేశం పోయి, పారోస్ అనే దీవి నుంచి నాక్సోస్ అనే దీవికి ఫెర్రీలో వెళ్లొచ్చాడు. గంటలోపు ప్రయాణం. దాని వీడియోలు మాత్రం ఇంకా అయిపోలేదు.

ఆ వీడియోల్లో ఓడ వెనక తలుపు రేవు మీదికి వాలుతుంది. లారీలూ కార్లూ దాని కడుపులోకి దూరిపోతాయి. జనం పైన కుర్చీల్లో కూర్చుని, సముద్రం తమ సొంతమైనట్టు కాఫీ తాగుతారు. ఆగస్టులో అక్కడ మెల్తెమి అనే ఉత్తరపు గాలి లేస్తుందట. గట్టిగా వీచిందంటే ఓడలు రేవు వదలవట. మావాడు కూడా ఒక పూట అలా ఇరుక్కున్నాడు. "గాలికి భయపడి ఓడ ఆపుడేందిరా? మన దగ్గర బస్సు ఆపాలంటే రాస్తారోకో చేయాలె గదా!" అని మా అక్క ముక్కున వేలేసుకుంది.

ఈ వీడియోల ప్రదర్శన ఓపిగ్గా భరించలేకపోయిన మనిషి మా వియ్యంకుడు గారు. ఆయనది వర్ని వైపు ఒక క్యాంపు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయ్యాక, కాలవ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి మా జిల్లాలో క్యాంపులు వేసుకున్నారు. అలా సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చినవాడే ఆయన తాత. ఈయన పుట్టింది ఇక్కడే. 1937లో పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలింది ఇక్కడే, 2015లో అది మూతపడితే దిగులుపడిందీ ఇక్కడే. అయినా ఎవరన్నా "మీదే ఊరు?" అని అడిగితే, తడుముకోకుండా "మాది గోదారండి" అంటారు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. "బావగారూ, గోదావరి తెలంగాణల అడుగు పెట్టేదే మా జిల్లా కందకుర్తిల. మంజీరా, హరిద్రా వచ్చి కలిసేది గూడ ఆడనే. మేం చూసి పంపిస్తేనే మీకొస్తది" అన్నాను.

"చూసి పంపిస్తారండి, కాదన్ను. ఎప్పుడైనా ఎక్కారా?"

నదిని ఎక్కడమేమిటో నాకు అర్థం కాలేదు. అది చూపించడానికే మాఘమాసంలో మా దంపతులను అంతర్వేది కల్యాణానికి బయల్దేరదీశారు. నిజామాబాద్‌లో నగర్‌సోల్–నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ రైలుది కూడా గోదావరి బుద్ధే. నాసిక్ జిల్లాలో పుట్టి, మా జిల్లాను ఓసారి పలకరించి, సముద్రం దగ్గరపడ్డాక గానీ ఆగదు. నది 1465 కిలోమీటర్లు తిరిగి చేసే పనిని ఇది బెర్తులిచ్చి చేస్తుంది.

నరసాపురంలో దిగి మాధవాయిపాలెం రేవుకు పోతే, ఎదురుగా వశిష్ఠ గోదావరి. అవతలి గట్టు సఖినేటిపల్లి, అంటే కోనసీమ. చుట్టూ గోదావరి పాయలూ, ఒకవైపు సముద్రమూ ఉన్న నేల గనక అదీ దీవే. గ్రీకు దీవులకూ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడికి పోయినవాళ్లు ఫొటోలు పంపుతారు, ఇక్కడికి పోయినవాళ్లు పూతరేకులు తెస్తారు.

మమ్మల్ని దాటించే ఓడ పేరు పంటు. గోడల్లేవు, పైకప్పు లేదు. చదునైన ఒక బల్ల, చుట్టూ కమ్మీలు, ఓ ఇంజను, దాని మీద పెత్తనానికి ఒక సరంగు. మా మేనల్లుడి ఓడలో కార్లు కిందా మనుషులు పైనా ఉంటారు. పంటులో ఆ కులభేదం లేదు. మోటారు సైకిళ్లు, ఆటో, ఒక కారు, చేపల గంపలు, కొబ్బరి బొండాలు, కాలేజీ పిల్లలు, పట్టుచీరలో పెళ్లికూతురి తరఫువాళ్లు, మధ్యలో మేము. బండి మీద వచ్చినవాళ్లు బండి మీదే కూర్చున్నారు. కూర్చోవడానికి బండి లేని నేను, నడవడానికి చోటు లేక, ఒకరి సైలెన్సరుకూ ఒకరి చేపలకూ మధ్య నిలబడ్డాను.

"పంటు ఎప్పుడు పోతది?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను.

"నిండితే వెళ్తుందండి."

"ఎప్పుడు నిండుతది?"

"వెళ్లే ముందండి."

అంత కచ్చితమైన టైంటేబుల్ నేను ఏ స్టేషన్లోనూ చూడలేదు.

పంటు కదలగానే మా ఆవిడ కొంగు ముడి విప్పి, గోదారమ్మకు దండం పెట్టి, రూపాయి బిళ్ల విసిరింది. అది నదిదాకా పోలేదు. చేపల గంపలో పడింది. గంప ఆవిడ దాన్ని తీసి కళ్లకద్దుకుని రొంటిన దోపుకుంది. "ఎక్కడ పడినా గోదారికే లెండమ్మా" అంది.

నడి ఏట్లోకి వచ్చాక అడుగున గరగరమంది. పంటు ఆగింది. సముద్రం దగ్గర గనక అక్కడ నదికి కూడా ఆటుపోట్లుంటాయి. నీరు తీసిన వేళ ఇసుక మేటకు తగులుకున్నాం. హైవే మీద టోల్‌గేటు దగ్గర పది బండ్లు ముందుంటేనే హారన్ అరిగిపోయేదాకా కొట్టే జిల్లా మాది. నేను చుట్టూ చూశాను. హారన్ లేదు, తిట్లు లేవు. ఒకాయన టిఫిన్ పొట్లం విప్పాడు.

"పోటెక్కితే అదే తేలుతుందండి" అన్నారు బావగారు.

"పోటు ఎప్పుడెక్కుతది?"

"సముద్రాన్ని అడగాలండి."

అంటే గ్రీసులో గాలి చెప్పినట్టు వినాలి, ఇక్కడ నీళ్లు చెప్పినట్టు వినాలి. కాఫీ మాత్రమే తేడా.

ఆగిన పంటు మీద మాటలు పెరిగాయి. మాటలన్నీ ఒక్కదాని మీదే, వంతెన. ఇక్కడ వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. వరదొస్తే పంటు కట్టేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ఎదురుగా కనబడే ఆస్పత్రి అందదు, కాలేజీ అందదు. పెళ్లివారు, చేపలావిడ, పిల్లలు అందరిదీ ఒకే మాట. అందరికంటే గట్టిగా అరిచింది మా వియ్యంకుడు గారు. "మా తాత ఊరొదిలి పోయింది ఈ రేవు బాధ పడలేకేనండి! ఎన్నాళ్లీ పంటు బతుకులు?" అని పిడికిలి బిగించారు. ఆవేశంలో ఆయన ఓటు మా జిల్లాలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయారు.

అంతలో పంటు ఊగింది, తేలింది, ఒడ్డు పట్టింది. అంతర్వేదిలో స్వామివారి కల్యాణమూ, భీష్మ ఏకాదశి నాడు రథమూ కళ్లారా చూశాం. మళ్లీ అదే పంటు ఎక్కి వెనక్కి వచ్చాం. ఈసారి నేను కూడా ఎవరిదో బండి మీద, అడగకుండానే కూర్చున్నాను.

నరసాపురం స్టేషన్లో రైలు కోసం చూస్తూ, మర్యాద చెల్లించుకోవాలి గనక పిలిచాను. "బావగారూ, 2027ల గోదావరి పుష్కరాలు. ఈసారి మీరు మా కందకుర్తికి రావాలె. పుష్కర స్నానం మా దగ్గరనే."

"తప్పకుండానండి. అక్కడ నది దాటడానికి పంటుందా?"

"లేదు బావగారూ. మాకు వంతెన ఉన్నది."

వియ్యంకుడు గారు నా వైపు జాలిగా చూశారు. భుజం మీద చెయ్యి వేసి, "అయ్యయ్యో, పాపం!" అన్నారు.