చేపను పట్టని గాలపు దారం

నేను గాలపు దారాన్ని. బేగంబజార్‌లో ఒక కొట్టులో ఉండచుట్టి పెట్టి ఉన్న నన్ను గుడిమల్కాపూర్ మేస్త్రీ ఒకాయన బేరమాడి కొన్నాడు. "ఏ చెరువుకు పోతున్నవ్ భాయ్?" అని కొట్టాయన అడిగితే, "చేపలకు కాదన్నా, కార్లకు" అన్నాడు. అప్పటి నుంచి కార్ల ఒంటి మీద అంటించిన పేర్లను గాయం కాకుండా ఊడదీయడమే నా బతుకు. ఈ బతుకంటే నాకు గౌరవం. అందుకే నా కథ చెప్పుకుంటున్నాను.

మా వంశం మరీ పాతదేం కాదు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. మొదట పళ్ల బ్రష్షులకు కుచ్చులుగా, తర్వాత ఆడవాళ్ల మేజోళ్లుగా, పారాచూట్లుగా, వలలుగా, గాలపు దారాలుగా లోకమంతా పాకాం. మాలోనే చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. సంక్రాంతికి పాతబస్తీ మేడల మీద ఎగిరే పతంగుల వెనక ఉండే నైలాన్ మాంజా మా రక్తమే. పక్షుల రెక్కలు, బైకు మీద పోయేవాళ్ల గొంతులు కోసిందని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. ఆ కోసే గుణం నాలోనూ ఉంది. ఎవరి చేతిలో పడ్డామన్నదే తేడా.

నేను పడ్డది మంచి చేతిలో. మా షెడ్డుకు ఒక పక్క పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, 2009 అక్టోబరులో తెరిచారు. ఇక్కడ ఎవరు అడ్రసు చెప్పినా పిల్లర్ నంబరుతోనే చెబుతారు. ఇంకో పక్క జాంబాగ్ నుంచి తరలివచ్చిన పూల మార్కెట్టు. తెల్లవారకముందే చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి బంతి, చామంతి, గులాబీ బుట్టలు దిగుతాయి. కొంచెం అవతల నిజాం కాలపు అశ్వదళాధికారి ఝామ్‌సింగ్ కట్టించిన బాలాజీ గుడి, ఆయన పేరుతోనే పిలిచే మసీదు. మా మేస్త్రీని అందరూ ఉస్తాద్ అంటారు. పని నేర్చుకునే పిల్లవాణ్ణి ఆయన బేటా అంటాడు.

మాకు పని తెచ్చిపెట్టేది ఎక్కువగా పూల మార్కెట్టే. పెళ్లికారును గులాబీలతో కప్పేటప్పుడు డెకరేషన్ కుర్రాళ్లు డిక్కీ మీది అక్షరాల మీదుగానే టేపు వేస్తారు. అప్పగింతలయ్యాక ఎవరో తొందరగా ఆ టేపు లాగుతారు. పూలతోపాటు ఒక 'ఐ' గానీ 'ఆర్' గానీ ఊడి పోతుంది. మర్నాడు పెళ్లికొడుకు తమ్ముడో, మేనమామో వస్తాడు. "ఉస్తాద్, ఒక్క అక్షరం పోయింది. గింత పెట్టి ఇయ్యరాదూ." బజార్లో ఒక్క అక్షరం అమ్మరు, మొత్తం సెట్టు కొనాల్సిందే. పైగా ఎండకు మసకబారిన పాతవాటి మధ్య కొత్తది ఒక్కటే తళతళలాడుతుంది. అందుకే ఉస్తాద్ ముందు తన రేకు డబ్బా వెతుకుతాడు. పాత సెట్లలో మిగిలిన అక్షరాలన్నీ అందులో దాచి ఉంటాయి. అదే వయసున్న అక్షరం దొరికితే సరే. లేకపోతే సెట్టు మొత్తం మార్చాలి. నా పని అప్పుడు మొదలవుతుంది.

ఉస్తాద్ ముందుగా అక్షరాల పైనా కిందా మాస్కింగ్ టేపు వేస్తాడు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో దాని మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి, ఫోనులో ఫొటో తీసుకుంటాడు. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తాడు. వేడి ఎక్కువైతే రంగు పొంగుతుంది, ప్లాస్టిక్ అక్షరం వంగుతుంది. వెనక ఉన్న జిగురు మెత్తబడితే చాలు. అప్పుడు నన్ను మూర పొడవు తెంపి, రెండు కొనలూ వేళ్లకు చుట్టుకుని, అక్షరానికీ రేకుకూ మధ్య దూర్చి అటూ ఇటూ రంపంలా ఆడిస్తాడు. నేను రంగును తాకను, అక్షరాన్నీ తాకను. మధ్యలో ఉన్న స్పాంజి టేపునే కోసుకుంటూ పోతాను. బ్లేడో స్క్రూడ్రైవరో పెట్టి లేపితే రంగు మీద జన్మకు పోని గీత పడుతుంది. ఒక్కో పనికి నాలో ఒక్కో ముక్క అరిగి పోతుంది. దానికి నాకు చింత లేదు.

అక్షరం పోయినా జిగురు మిగులుతుంది. దాన్ని బొటనవేలితో రుద్ది ఉండలు చేసి తీస్తారు. ఆ కింద పేరు మళ్లీ కనిపిస్తుంది. చుట్టూ రంగు ఎండకు వెలిసి, అక్షరాల కింద మాత్రం షోరూములో ఉన్నట్టే ఉంటుంది. కాంపౌండు పెట్టి పాలిష్ చేస్తే చాలావరకు కలుస్తుంది. పాత బండ్లకు పూర్తిగా కలవదు.

నా చేత కాని బండ్లు కూడా ఉన్నాయి. ఒకసారి ఒక పద్మిని వచ్చింది. 1964 నుంచి ముంబైలో ఫియట్ 1100 డిలైట్‌గా తయారైన ఆ కారు 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, తర్వాత పద్మిని అయింది. ఆ కాలపు పేర్లు లోహంతో పోతపోసినవి. వెనక ఉన్న ములుకులు రేకులోని రంధ్రాల్లోంచి లోపలికి దిగి, అక్కడ క్లిప్పులతో బిగిసి ఉంటాయి. ఉస్తాద్ నన్ను పక్కన పెట్టి డిక్కీ తెరిచి, లోపలి నుంచి ఒక్కో క్లిప్పును నోస్ ప్లయర్‌తో సుతారంగా లాగాడు. రంధ్రాల చుట్టూ తుప్పు. వాన నీళ్లు దిగే దారి అదే. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, సీలెంట్ పెట్టాకే పేరును మళ్లీ బిగించాడు.

ఇప్పటి అక్షరాలు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. దాని మీద రాగి, ఆపైన నికెల్, అన్నిటికన్నా పైన మైక్రాన్ కన్నా పలచని క్రోమియం పూత. వెనక రెండు వైపులా అంటుకునే యాక్రిలిక్ ఫోమ్ టేపు. త్రీఎమ్ కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ టేపులు ఈ జాతివే. అవి గట్టిగా పట్టాలంటే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి రేకును తుడవాలి. వేలి జిడ్డు, మైనం, పాలిష్ ఏమాత్రం మిగలకూడదు. మే నెల ఎండలో కాలిపోతున్న రేకు మీద అంటించకూడదు. చలికాలం పొద్దున అయితే రేకును కాస్త వెచ్చబరచాలి.

తర్వాత అమరిక. పాత గీతల మీద కొత్త టేపుతో కింది అంచు కట్టి, ఉస్తాద్ ఒక్కో అక్షరాన్నీ ముందు టేపుతో తాత్కాలికంగా నిలబెడతాడు. పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తాడు. "బేటా, స్కేలు పక్కన పెట్టు, కన్ను పెట్టు. గుండ్రటి 'ఓ'ను పక్కదానికి కొంచెం దగ్గరికి జరపాలె. నిటారు 'ఐ'కి చోటు ఎక్కువ ఇయ్యాలె. దూరాలు సమానంగా ఉంటే సాల్దు, సమానంగా కనపడాలె." కుదిరిందనుకున్నాకే టేపు మీది కాగితం తీసి గట్టిగా నొక్కుతాడు. ఇరవై నిమిషాల్లో సగం పట్టు, 24 గంటలకు తొంభై శాతం, 72 గంటలకు పూర్తి పట్టు వస్తుంది.

ఒకాయన తక్కువ మోడల్ కారు తెచ్చి, ఎక్కువ మోడల్ అక్షరాలు వేయమన్నాడు. అమ్మకానికి పెడుతున్నాడట. "బండి ఏదైతే గదే రాస్తా సార్" అన్నాడు ఉస్తాద్. ఆయన కోపంగా వెళ్లిపోయాడు. ఆ రోజు మా షెడ్డుకు కూలి రాలేదు కానీ, ఈ ఉస్తాద్ చేతిలో అరిగిపోవడానికి నేను సిద్ధపడింది అప్పుడే. ఏ పేరైనా ఒంటికి నిజంగా చెందినదై ఉండాలి, సూటిగా నిలబడాలి, తీయాల్సి వస్తే మచ్చ మిగలకుండా తీయాలి.

మీ కారుకూ అక్షరాలు మార్పిస్తుంటే మేస్త్రీని తొందరపెట్టకండి. నీడలో పని చేయనివ్వండి. మూడు రోజులు వాటర్ వాష్‌కు పంపకండి. పెళ్లికి పూలు పెట్టేవాళ్లకు అక్షరాల మీద టేపు వేయొద్దని ముందే చెప్పండి. అంత చిన్న పనికి అంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా అడిగితే, మా పిల్లవాణ్ణి చూపిస్తాను. ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్ వాడే పడుతున్నాడు, నన్నూ వాడే ఆడిస్తున్నాడు. నిన్న వాడు ఒంటరిగా ఊడదీసిన డిక్కీ మీద ఉస్తాద్ అరచేయి వేసి చూసి, "శభాష్ బేటా" అన్నాడు.