దేవుడి కాంట్రాక్టు

కేరళలో త్రిశూర్ దగ్గరి పాలియెక్కర టోల్‌గేటు గొడవ 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 65 కిలోమీటర్లు దాటడానికి 12 గంటలు పడితే 150 రూపాయలు ఎందుకు కట్టాలని న్యాయమూర్తులు నిలదీశారు. లారీ బోల్తా పడింది, అది దైవఘటన అన్నారు ప్రభుత్వ న్యాయవాది. లారీ దానంతటది పడలేదు, గుంతలో పడి బోల్తా కొట్టిందని ధర్మాసనం గుర్తుచేసింది. పాపం దేవుడు! రోడ్డు మరమ్మతుల కాంట్రాక్టు కూడా ఆయన పేరు మీదే ఉన్నట్టుంది. అన్నట్టు, 2025లో ఫాస్టాగ్ లేదు, నగదు ఇస్తానంటే టోలు రెట్టింపు వసూలు చేసేవారు. మరి ఫాస్టాగ్ ఉండి రోడ్డే లేకపోతే మనకెంత రెట్టింపు తిరిగిస్తారో ఏ టోల్‌గేటు బోర్డు మీదా రాసి లేదు. బోర్డులో చోటు చాలలేదేమో!