పచ్చగీతకు సంజీవని వ్యాఖ్య

మూలము:
"సిన్నాన్నా, స్కైరిమ్‌లో కత్తి తిప్పడం ఎవడికైనా వస్తాది. స్టామినా మేనేజ్ సెయ్యడమే అసలు విద్య."

అవతారిక: ఈ సూత్రకర్త మా అన్నయ్య రెండో కొడుకు. రావికమతంలో మా ఇంటి నడవలో, మంచం మీద వెల్లకిలా పడుకొని, కంట్రోలరు పొట్ట మీద ఆనించి, తెర మీంచి చూపు తిప్పకుండా సెలవిచ్చాడు. రెండు బొత్తాలు నొక్కడం వచ్చిన ప్రతివాడూ ఈ రోజుల్లో ఆచార్యపీఠం ఎక్కి కూర్చుంటున్నాడు. ఆడుకో నాయనా, ఎవరొద్దన్నారు? ఉపదేశం దేనికి?

ప్రతిపదార్థము: సులభము. విడిచితిమి.

వ్యాఖ్య: 2011 నవంబరు 11న వెలువడిన ఈ ఆటలో తెర అడుగున మూడు గీతలుంటాయి. నడుమ ఎర్రనిది ప్రాణం, ఎడమన నీలిది మంత్రశక్తి, కుడివైపు పచ్చనిది దమ్ము. నిండుగా ఉన్నంతసేపూ పచ్చగీత కనబడదు, తరిగేటప్పుడే కనబడుతుంది. పరుగు తీసినా, కత్తిని ఒడుపుగా కాక బలంగా విసిరినా హరించుకుపోతుంది. కాస్త ఆగితే మళ్ళీ పూరుతుంది. వీరుడి స్థాయి పెరిగినప్పుడల్లా పది పాయింట్లు ఈ మూడింటిలో ఏదో ఒకదానికి ధారపోయాలి. పచ్చదానికి పోస్తే మోయగలిగే బరువు కూడా అయిదు పెరుగుతుంది. మొదట మోయగలిగేది 300.

ఇట శంక: 300 ఏమిటి? కిలోలా, వీశెలా, మణుగులా? మూలకారులు చెప్పలేదు. వీశెలే అనుకుంటే నాలుగు క్వింటాళ్ళ పైమాటే. డ్రాగన్ ఎముక ఒక్కొక్కటి 15. అంటే ఒంటి మీద నూలుపోగు లేకుండా ఇరవై ఎముకలు మోసుకుంటూ పరుగెత్తగల మహావీరుడు, ఇరవై ఒకటోది ఎత్తగానే పెళ్ళినడక మొదలుపెడతాడు. సమాధానము: లేదు.

దమ్ము పెంచే ఉపాయాలు మనవాళ్ళు ఎరగనివా? సరయూ తీరాన విశ్వామిత్రుడు రాముడికి బల, అతిబల అనే రెండు విద్యలు ఇచ్చాడు. అవి ఉంటే అలుపూ లేదు, జ్వరమూ లేదు, ఆకలిదప్పులూ బాధించవు. పాయింట్లు అడగలేదు, శుచిగా ఆచమనం చేసి రమ్మన్నాడంతే. ఇక భీముడి సంగతి. దుర్యోధనుడు విషం పెట్టి గంగలో తోయగా నాగలోకం చేరాడు. అక్కడ రసకుండాలు. ఒక్కో కుండలో వెయ్యి ఏనుగుల బలం. గుక్కకొకటి చొప్పున ఎనిమిది ఖాళీ చేశాడు. చేసి ఏం చేశాడు? పడుకున్నాడు! ఎనిమిదో రోజున లేచాడు. తాగింది ఒంటబట్టాలి కదా. మరి స్కైరిమ్ వీరుడో, డ్రాగన్ నోరు తెరిచి మీద పడుతుండగా ఆట ఆపి, సంచీ తెరిచి, ఎన్ని సీసాలైనా ఒకే బిగిన తాగేసి, తేన్పు కూడా లేకుండా మళ్ళీ యుద్ధంలో దిగుతాడు. ఇంకా చిత్రం వాడి కూరగాయల సూపు. క్యాబేజీ, బంగాళదుంప, టమాటా, లీకు అనే ఉల్లికాడల జాతిది. ఇది తాగితే 720 సెకన్లపాటు సెకనుకొక చుక్క చొప్పున పచ్చగీత ఊరుతూనే ఉంటుంది. బలమైన దెబ్బ కొట్టడానికి గీతలో ఒక్క చుక్క మిగిలితే చాలునట. అంటే పన్నెండు నిమిషాలు అలుపన్నది లేదు. డ్రాగన్ చావుకు కారణం క్యాబేజీ అని తేలింది.

ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు ఇంత దయగలవాడు కాడు. అష్టాంగహృదయం సూత్రస్థానం రెండో అధ్యాయంలో, వ్యాయామం సగం శక్తి మేరకే చెయ్యమన్నాడు. అదీ బలం ఉండి, నెయ్యీ నూనే బాగా తినేవాళ్ళు, చలికాలంలోనూ వసంతంలోనూ. తక్కిన కాలాల్లో ఇంకా తక్కువ. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి. సగం దగ్గర ఆగమన్నవాడే అసలైన పచ్చగీత కనిపెట్టినవాడని నా మతం. అక్కడితో ఆగాడా? అతిగా చేస్తే ఏనుగును ఈడ్చబోయిన సింహంలా నశిస్తారంటూ ఒక జాబితా ఇచ్చాడు. వ్యాయామంతో పాటు జాగరణ ఉంది అందులో. అతిగా నవ్వడం ఉంది. అతిగా మాట్లాడడం కూడా ఉంది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనది మెదకు సీమ కొలిచెలమ. మాది రావికమతం, ఆ ఒట్టు మాకు తగలదు.

ఇంతకీ సూత్రం ఎక్కడ విడిచాం? అసలు విద్య దగ్గర.

ప్రయోగము: మొన్న గేటు దగ్గర గ్యాసు బండ దిగింది. గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు వేరే. మా వదిన వంటింట్లోంచి "ఒరే, ఆ బండ లోపలెట్టెయ్‌రా" అని కేకేసింది. దానికి సూత్రకర్త ఉత్తరం: "ఒక్క నిమిషమమ్మా, స్టామినా నిండనీ." ఎవరి స్టామినాయో మూలంలో స్పష్టం లేదు. రెండో కేకకు పాఠాంతరం దొరికింది: "నువ్వే దొర్లించీయే." ఆవిడ చెంగు బొడ్లో దోపుకొని, బండను అంచు మీద వంచి, అరుగు దాకా దొర్లించుకుంటూ వచ్చి, అక్కడ నడుం పట్టుకొని నిలబడింది. తెర మీద వీరుడు అప్పటికే పరుగందుకున్నాడు.

మా చుట్టుపక్కల చెరకు నరికే కాలంలో మోపులు కట్టి ట్రాక్టరుకెత్తేవాళ్ళను ఏటా చూస్తాను. దమ్ము గురించి వాళ్ళెవరూ నాకింతవరకు ఉపదేశం చెయ్యలేదు. చుట్ట వెలిగించుకోడానికి ఆగుతారు, మేస్త్రీ అరిస్తే లేస్తారు.

శేషము: కొన్న ఆటలో అలుపు బొమ్మకే వస్తుంది, కాసేపు ఆగితే అదే పోతుంది. అంతవరకు న్యాయమే. ఫోనులో ఊరికే దొరికే ఆటలు వేరు. అక్కడ అలుపును పనిగట్టుకొని తయారుచేస్తారు. సరిగ్గా రసం పడుతున్నచోట "మీ ఎనర్జీ అయిపోయింది" అని తలుపు మూస్తారు. గంటలు కాచుకో, లేదా రూపాయలు కట్టు. పిల్లాడి చేతిలో తల్లి ఫోను, తల్లికి చదువు అంతంతమాత్రం, బొత్తాం ఏమో బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది. ఇది మేనేజిమెంటు కాదురా, సంతలో జేబులు కొట్టడమంటారు దీన్ని! మావాడు ఈ విద్యలోనూ ఆరితేరాడని నిన్ననే తెలిసింది. ఆ భాగానికి టీక రాసే అధికారం నాది కాదు, మా అన్నయ్యది. బ్యాంకు మెసేజీ అందగానే ఆయన ప్రతిపదార్థంతో సహా చెబుతాడు.