అధికారం లేని అధికారి

నా ఉద్యోగం పేరు ఎస్‌ఏపీ బేసిస్ అడ్మినిస్ట్రేటర్. ఎస్‌ఏపీ అంటే కంపెనీ కొనుగోళ్ళు, అమ్మకాలు నడిపే జర్మన్ సాఫ్ట్‌వేర్, వాడుకలో శాప్. సర్వర్లు నడపడం, డేటాబేస్ కాపాడడం, బ్యాకప్‌లు చూడడం నా విధులని ఆఫర్ లెటర్‌లో ఘనంగా రాశారు. రోజూ నేను చేసేది మాత్రం తాళాలు తీయడం.

పొద్దున్నే అందులో ఎస్‌ఎమ్37 అనే తెర తెరిచి, రాత్రి నడవాల్సిన జాబుల్లో ఏవి మధ్యలో చతికిలపడ్డాయో చూస్తాను. ఎస్‌టీ22లో డంపులు, అంటే ప్రోగ్రాములు కూలిన వివరాలు, చూద్దామనుకునేలోగా ఫోన్. "సిస్టమ్ పనిచెయ్యట్లేదండీ!" అంటే ఫోన్ చేసినాయన పాస్‌వర్డ్ మర్చిపోయి, తోచినవన్నీ కొట్టి, లాక్ వేయించుకున్నారని అర్థం.

ఇంకో రకం తాళం ఉంది. ఒకాయన సేల్స్ ఆర్డర్‌ను మార్చడానికి తెరిచి, అలాగే వదిలేసి భోజనానికి వెళ్తారు. ఆయన పెరుగన్నం ముగించేదాకా దాన్ని ఇంకెవరూ ముట్టుకోలేరు. ఎస్‌ఎమ్12లో ఆ లాక్ పీకెయ్యడం క్షణం పని. కానీ సగంలో ఉన్న ఎంట్రీ పాడైతే ఎవరిది బాధ్యత? అందుకే క్యాంటీన్‌కి వెళ్ళి, ఆయన్ను వెతికి, "కాస్త సేవ్ చేసి బయటికొస్తారా?" అని బతిమాలుతాను.

అన్నిటికన్నా కష్టం అనుమతులతో. 'మీకు అధికారం లేదు' అని తెరమీద పడితే పెద్దవాళ్ళకు తల కొట్టేసినట్టుంటుంది. ఏ అనుమతి లేక ఆగిందో ఎస్‌యూ53 చెబుతుంది, దాని స్క్రీన్‌షాట్ పంపమంటాను. ఫోన్‌తో తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అందులో ట్యూబ్‌లైటు, వాళ్ళ ముఖం స్పష్టంగా కనిపిస్తాయి.

పర్చేజ్ మేనేజరుగారైతే, "ఇదంతా ఎందుకు బాబూ, ఆ శాప్ ఆల్ ఏదో ఇచ్చెయ్" అంటారు. శాప్ ఆల్ అంటే అన్ని అనుమతులూ ఒక్కసారే. అదిస్తే ఆర్డరు ఆయనే పెట్టి, బిల్లు ఆయనే పాస్ చేసి, డబ్బూ ఆయనే చెల్లించవచ్చు. ఆడిటర్ ముందు నిలబడేది మాత్రం నేను.

మొన్న ఆయనకే భద్రత గురించి పాఠం చెప్పాను. అబ్బాయి పుట్టినరోజు పాస్‌వర్డ్‌గా పెట్టుకోవద్దన్నాను. "పాత ఇన్‌స్టలేషన్లలో శాప్ స్టార్ అనే యూజర్ ముందే ఉండేదండీ. దాని పాస్‌వర్డ్ 06071992, శాప్‌లో ఆర్3 అనే వెర్షన్ విడుదలైన తేదీ. లోకమంతటికీ తెలుసు గనక అది మార్చడమే మా మొదటి పని" అని వివరించాను.

ఆయన శ్రద్ధగా విని, "చూశావా! జర్మనీవాళ్ళు వాళ్ళ బిడ్డ పుట్టినరోజు పెట్టుకోవచ్చు గానీ, నేను మావాడిది పెట్టుకోకూడదా?" అన్నారు.