ఏమీ చేయలేదనడం అన్యాయం

1994లో రువాండాలో దాదాపు ఎనిమిది లక్షల మందిని వంద రోజుల్లో ఊచకోత కోస్తుంటే ప్రపంచం చేతులు ముడుచుకు కూర్చుందని ఓ అపవాదు చలామణిలో ఉంది. ఇది పచ్చి అబద్ధం. అంతర్జాతీయ సమాజం ఊపిరి సలపనంత పని చేసింది.

మారణకాండకు దాదాపు మూడు నెలల ముందే, జనవరి 11న, రాజధాని కిగాలీలోని ఐక్యరాజ్య సమితి శాంతిదళం అధిపతి రోమియో డల్లైర్ న్యూయార్క్‌కు కబురు పంపాడు. ఆయుధాలు దాస్తున్నారు, టుట్సీ తెగవాళ్ల జాబితాలు రాయిస్తున్నారు, ఆ ఆయుధాలను పట్టుకుంటాను అని. సమితి పెద్దలు వెంటనే జవాబిచ్చారు: దాడి చేయొద్దు, సంగతి దేశాధ్యక్షుడి చెవిన వేయి. ఆయుధాలు దాచింది ఆ అధ్యక్షుడి పార్టీ మూకలే. మర్యాదస్తులకు మర్యాదే ముఖ్యం కదా!

ఏప్రిల్ 7న కత్తులు లేచాయి. ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రెండు మూడు రోజుల్లోనే దిగాయి. తమ పౌరులను విమానాలెక్కించుకుని వెళ్లిపోయాయి. ఆఫ్రికా చాలా దూరమన్న సంగతి ఆ వారం ఎవరికీ గుర్తు రాలేదు. కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాలలో శాంతిదళాన్ని నమ్ముకుని రెండు వేల మంది దాకా తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న వాళ్లను వదిలేసి బెల్జియం సైనికులు లారీలెక్కారు. హంతకులు గేటు బయటే కాచుకుని ఉన్నారు.

తమ సైనికులు పదిమంది హతమయ్యాక బెల్జియం తప్పుకుంది. అదనపు బలగం కావాలని డల్లైర్ మొరపెట్టుకున్నాడు. భద్రతా మండలి ఏప్రిల్ 21న సమావేశమై, సుమారు రెండున్నర వేల దళాన్ని 270కి కుదించింది. అదీ ఏకగ్రీవంగా! పైకి లేచిన చేతుల్లో రువాండా ప్రతినిధి చెయ్యీ ఒకటి. చంపుతున్న ప్రభుత్వమే ఆ ఏడాది మండలిలో సభ్యత్వం వెలగబెడుతోంది మరి.

మే నెలలో మండలికి కనికరం కలిగి 5,500 మందిని పంపడానికి తీర్మానించింది. తీర్మానం వెంటనే వచ్చింది, సైనికులే రాలేదు. సాయుధ వాహనాలు ఇస్తానన్న అమెరికా వాటి అద్దె దగ్గర బేరం పెట్టింది. బేరం తెగి, బళ్లు ఆఫ్రికాలో దిగి, రంగులు వేయించుకునేసరికి చంపడానికి మిగిలినవాళ్లే తక్కువ. ఎవరు ఎక్కడ దాక్కున్నారో చెప్పి మరీ చంపిస్తున్న రేడియో గొంతు నొక్కమంటే, ప్రసారాలను అడ్డుకునే విమానానికి గంటకు 8,500 డాలర్లవుతుందని పెంటగాన్ లెక్క చెప్పింది. ఎనిమిది లక్షల ప్రాణాలకు మాత్రం ఎవరూ కొటేషన్ అడగలేదు.

ఇక శిక్షలు. 1948 నాటి జాతి నిర్మూలన ఒప్పందం నివారించమనే కాదు, శిక్షించమనీ చెప్పింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ఏడు నెలలు పట్టింది. నవంబర్ 8న న్యాయస్థానం పెట్టారు. ఇరవై ఏళ్లు నడిచిన ఆ కోర్టు శిక్షించింది అరవై పైచిలుకు మందిని. ఆ రేడియోకు డబ్బు సమకూర్చాడన్న అభియోగమున్న ఫెలిసియన్ కబూగా 26 ఏళ్లు తప్పించుకు తిరిగి, 2020లో పారిస్ పక్కనే దొరికాడు. మతిమరపు ముదిరిందని, విచారణకు పనికిరాడని 2023లో న్యాయమూర్తులు తేల్చారు.

చంపినవాళ్ల సంగతి సరే, చూస్తూ ఊరుకున్నవాళ్లకు ఏ శిక్ష? అది తెలియాలంటే బోస్నియా దాకా వెళ్లాలి. 1995 జులైలో స్రెబ్రెనిట్సాలో ఎనిమిది వేలకు పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు. ఆ ఊరు సమితి స్వయంగా ప్రకటించిన సురక్షిత ప్రాంతం! హంతకులపై పలుకుబడి ఉండీ జాతి నిర్మూలనను ఆపే బాధ్యతలో సెర్బియా విఫలమైందని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తీర్పిచ్చింది. ఆ ఒప్పందం కింద ఒక దేశం దోషిగా తేలడం అదే మొదటిసారి. మరి పరిహారం? తప్పు జరిగిందని తీర్పులో రాశాం, అదే చాలు పొమ్మంది.

రేపు ఇంకో దేశంలో జాబితాలు తయారవుతున్నాయని కబురు వస్తే ఈ పెద్దలు అద్దెల లెక్క కట్టి, బళ్లకు రంగులు వేయించి, తీరిగ్గా సంతాపం చెబుతారు. ఎందుకు చెప్పరు? ఆపకపోయినందుకు పైసా కట్టమని అంతర్జాతీయ న్యాయస్థానం ఇంతవరకు ఏ దేశాన్నీ అడగలేదు.